ఓదేలు బావికి ముందే గీసిన ప్లాను

2008 వేసవి. గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ సర్వే ఆఫీసులో నేను ట్రేసర్‌ని. సర్వేయర్లు గనిలోకి దిగి కొలతలు తెచ్చి, పెన్సిల్‌తో షీటు మీద పెడతారు. ఆ షీటు మీద ట్రేసింగ్ ఫిల్మ్ అనే పల్చటి కాగితం పరిచి, ఇంకు పెన్నుతో ప్లాను తిరగ గీసే మనిషిని ట్రేసర్ అంటారు. తప్పు పడితే రబ్బరు పనిచేయదు. సగం బ్లేడు తీసుకుని ఇంకును మెల్లగా గీకి తీయాలి.

మా నాన్నను మెడికల్ అన్‌ఫిట్ చేసినప్పుడు ఆయన బదులు నాకొచ్చిన ఉద్యోగం అది. గనులను గీశాను గాని ఒక్క గనిలోకీ దిగలేదు. ఆడవాళ్లు భూగర్భ గనిలోకి దిగకూడదన్నది అప్పటి చట్టం. గ్యాలరీ అనే సొరంగం ఎటు తిరుగుతుందో, పైకప్పు నిలవడానికి వదిలిన బొగ్గు పిల్లరు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలను, అక్కడి చీకటి ఎలా ఉంటుందో మాత్రం చెప్పలేను.

మా పనిలో ఎవరూ ముట్టుకోవడానికి ఇష్టపడని షీటు ఒకటుంది. అది యాక్సిడెంట్ ప్లాన్. గనిలో ఎవరైనా పోతే, పైకప్పు ఎక్కడ విరిగింది, పక్కగోడ ఎక్కడ జారింది అన్నీ కొలిచి ప్లాను గీయాలి. మనిషి దొరికిన చోట చిన్న సున్న చుట్టి, అందులో ఇంటూ గుర్తు పెట్టి, పక్కన పేరు రాయాలి. చేతిరాత బాగుంటుందని ఆ షీట్లన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. అలాంటి షీటు వచ్చిన రోజు ఆఫీసులో ఎవరూ ఎవరినీ టీకి పిలవరు.

నాకు అసలే భయం ఎక్కువ. వేళగాని వేళ సైరన్ మోగితే కాలనీ ఆడవాళ్లందరూ గుమ్మాల్లోకి వస్తారు, నేను చెప్పులు కూడా తొడుక్కోకుండా రోడ్డు మీద ఉంటాను. "నువ్వు ఫికర్‌తోనే పుట్టినవ్" అని మా ఆయన వెక్కిరిస్తాడు. అలాంటి నేను సెలవు పెట్టి, జీతం లేని పనికి, తెలియని ఊరికి వెళ్లానంటే మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు.

సంగతేమిటంటే, గోదావరి రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసేచోట మధ్యలో మిగిలిన నేలను మా వైపు కుర్రు అంటారు. అలాంటి ఒక కుర్రు మీద పాత కాలపు ఊరి ఆనవాళ్లు దొరికాయని యూనివర్సిటీ వాళ్లు తవ్వకం మొదలుపెట్టారు. గీసే మనిషి కావాలని మా ఆఫీసుకు కబురు పంపారు. ఆడమనిషి భూమి లోపలికి దిగి చూడటానికి అడ్డం లేని పని అది ఒక్కటే అనిపించింది. ఎవరూ అడగకముందే నేను వస్తానన్నాను. కొలిచేటప్పుడు దూరానికి కనబడేలా నాటే ఎరుపు తెలుపు పట్టీల కర్రలు, రేంజింగ్ రాడ్లు, మా ఆఫీసువే అరువు తీసుకుని వెంట పట్టుకెళ్లాను.

వేసవి కాబట్టి మోకాలి లోతు నీళ్లలో నడుచుకుంటూనే కుర్రు మీదికి చేరాం. తవ్వకం పెద్ద రఘురాం సార్ టెంట్లు వేయించలేదు. ఆయన చదువుకునే రోజుల్లో పసిఫిక్ సముద్రంలో ఒక చిన్న దీవికి వాలంటీరుగా తవ్వడానికి వెళ్లి, అక్కడి ఊరివాళ్ల ఇంట్లోనే ఉన్నారట. "టెంటులో ఉంటే ఆ ఊరు మనకు అర్థం కాదు, మనం ఆ ఊరికి అర్థం కాము. వాళ్లింట్లో తింటే కనీసం మన మొహాలు గుర్తుపడతారు" అన్నారు. అందుకే మా అందరినీ కుర్రు మీది ఊళ్లోనే తలో ఇంట్లో దింపారు. నేను లచ్చవ్వ ఇంట్లో పడ్డాను.

లచ్చవ్వకు భర్త లేడు. ఒక్కడే కొడుకు, ఓదేలు. కోడలు కాన్పుకని పుట్టింటికి వెళ్లింది. తవ్వకం జరిగే పాత ఊరి దిబ్బ ఓదేలు చేనుకు ఆనుకునే ఉంది. వెళ్లిన పూటే లచ్చవ్వ నా చెయ్యి పట్టుకుని చూసి, "గీ యేళ్లు పార పట్టెటియి గావు బిడ్డా, నువ్వేం తవ్వుతవ్?" అని నవ్వింది. జొన్న రవ్వతో వండిన గట్క పోసి, మామిడికాయ తొక్కు వేసి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుంది.

మొదటి రోజులు బాగా గడిచాయి. ట్రెంచ్ అంటే చతురస్రంగా తవ్వే గుంత. దాని గోడలను నున్నగా చెక్కి, ఏ మట్టి పొర కింద ఏ పొర ఉందో నిలువుగా గీస్తే దాన్ని సెక్షన్ అంటారు. నేను గనికి గీసే సెక్షన్లు కూడా అంతే. తేడా ఒక్కటే, ఇక్కడ ఆ గోడను నా చేత్తో తడమగలను. పైన నల్లమట్టి, దాని కింద జల్లెడ పట్టినట్టున్న సన్న ఇసుక, మధ్యలో ఎవరో వాడి పడేసిన కుండ పెంకులు, లోపల నలుపు బయట ఎరుపు. నడుము లోతు గుంతలో నిలబడి, ఇన్నేళ్లకు భూమి లోపలికి దిగానని నాకు నేనే చెప్పుకుని మురిసిపోయాను.

తర్వాత ఊళ్లో మాట మారింది. నీళ్ల కోసం వెళితే ఆడవాళ్లు పలకరించడం మానేశారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఒక సాయంత్రం ఊరి మగవాళ్లు దిబ్బ దగ్గరికి వచ్చారు. ముందు ఓదేలే అడిగాడు.

"సారూ, సక్కగ చెప్పుండ్రి. బొగ్గు పడ్డదా?"

సార్ నవ్వేశారు. "బొగ్గు కాదు ఓదేలూ. పాత కుండలు. రెండు వేల ఏళ్ల కింద ఇక్కడ ఊరుండేది. ఆ చరిత్ర కోసం..."

"మొదలు గట్లనే అంటరు. మట్టి సూస్తమంటరు. మల్ల బోరు ఏస్తరు. ఆఖరికి మమ్ములనే లేవుమంటరు. ఏటవతల ఊళ్లు గట్లనే పాయె గద." దిబ్బ మీద నాటిన ఎరుపు తెలుపు కర్రల వైపు చెయ్యి చూపించాడు. "కుండలకు గీ కట్టెలెందుకు? ఓపెన్‌కాస్ట్ అచ్చేముందు గివే కట్టెలు పాతిండ్రు." ఓపెన్‌కాస్ట్ అంటే నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే గని. ఊరు అడ్డమొస్తే ఊరే లేస్తుంది. తర్వాత నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు కంపెనీ మనిషివా, కాదా?"

"అవును తమ్మీ, కాని నేనిక్కడికి..."

"గంతే. ఇగ వేరే చెప్పకు."

నిజం చెప్పి దొరికిపోవడమంటే ఏమిటో ఆ పూట తెలిసింది. ఎంత వివరిస్తే అంత అనుమానం పెరిగింది. ఇది మన పూర్వీకుల సంపద అని సార్ అన్నారు. సంపద అనే మాట వినగానే వెనకనున్న ముసలాయన "ఇన్నవా, సంపద ఉన్నదట" అని పక్కవాడికి చెప్పాడు.

మర్నాటి నుంచి కుర్రు మీద కొత్త వ్యవసాయం మొదలైంది. మా ప్రాంతంలో నేల పోతుందని తెలిస్తే జనం ఏం చేస్తారో మా ఆఫీసులో పిల్లాడికి కూడా తెలుసు. లెక్కకు వచ్చినవాళ్లు నేల మీద ఏమేం ఉన్నాయో రాసుకుని, దాన్నిబట్టే నష్టపరిహారం కడతారు కాబట్టి, జనం ఏదో ఒకటి ఉంచుతారు. ఎండలు మాడుస్తుంటే ఒకాయన మామిడి మొక్కలు నాటాడు. ఇంకొకాయన తలుపు లేని గుడిసె లేపి, ఇల్లని నమ్మించడానికి వాళ్లమ్మ మంచాన్ని అందులో వేశాడు. ఆమె పగలంతా ఆ మంచం మీద కూర్చుని మమ్మల్నందరినీ తిడుతూ ఉండేది. నవ్వొచ్చేదే గాని, ఆ పారల కింద మేం వెతికే పాత ఊరు చితికిపోతుందని భయం కూడా వేసేది. ఎక్కడ పార పడినా కింద ఏదో ఒక పాత గోడ ఉండే నేల అది.

ఓదేలు మాత్రం బావి మొదలుపెట్టాడు.

నీళ్లుంటే తరి, లేకపోతే ఖుష్కి. తరి నేలకు విలువ వేరు. అతని చేను ఖుష్కి. లెక్కకు వచ్చేలోపు బావి పడితే తరి అవుతుందని అతని ఆశ. దాయాదులైన ఇద్దరు పాలోళ్లు పైనుంచి తట్టలు లాగుతుంటే, వేపచెట్టుకు కట్టిన మోకు పట్టుకుని లోపలికి దిగి తవ్వుతున్నాడు. తెల్లారితే అదే పని. అది పడితేనే పుట్టబోయే బిడ్డకు ఏమైనా మిగులుతుందని తల్లితో అంటుంటే విన్నాను.

సాయంత్రం పని దిగి వస్తూ ఆ బావిలోకి తొంగి చూశాను. చూసి వెనక్కి తగ్గాను. గుంత అప్పటికే ఇద్దరు మనుషుల లోతు ఉంది. పైనున్న నల్లమట్టి గట్టిగానే నిలబడింది. దాని కింద ఇసుక పొర సన్నగా, చప్పుడు లేకుండా జారుతోంది. జారినకొద్దీ లోపల గుల్ల పడుతోంది. తవ్విన మట్టంతా అంచు మీదే కుప్ప పోశారు. కుప్పకు ఇవతల, నేల మీద, వెంట్రుకంత పర్రె, అంటే పగులు, గుంత చుట్టూ వంకర తిరిగి ఉంది.

అలాంటి పర్రెలను నేను గీశాను. ఎప్పుడు గీసినా, అంతా అయిపోయాక గీశాను.

"తమ్మీ, గిది కూలేటట్టున్నది. బయటికి రా" అన్నాను. లోపల్నుంచి నవ్వు వినిపించింది. "అక్కా, బాయి పడుతే కంపెనీకి నుక్సానని భయమా?" అన్నాడు. సార్‌ను తీసుకొచ్చి చూపించాను. ఆయన మొహం పాలిపోయింది. "ఓదేలూ, గోడలను మెట్లుగా కొట్టుకుంటూ వెడల్పు చెయ్యి, లేదంటే ఒరలు దించు" అని బతిమాలారు. వెడల్పు చేస్తే ఎన్నాళ్లు పడుతుంది, గోడ జారకుండా బావిలో దించే చుట్లు, ఆ ఒరలు ఎక్కడినుంచి తేవాలి అన్నాడు ఓదేలు. మేం చెప్పే ప్రతి మాటా కంపెనీ ఎత్తుగడలాగే అతనికి వినిపిస్తోంది. తవ్వకం ఆపేసి వెళ్లిపోతామని కూడా సార్ చెప్పి చూశారు. "పోతరు, మల్ల జీపులేసుకోని అస్తరు" అన్నాడు.

ఆ తర్వాత నాకు తిండి లేదు, నిద్ర లేదు. ట్రెంచ్‌లో పనిచేస్తున్నా చెవులు బావి వైపే ఉండేవి. తట్ట లాగేటప్పుడు పాలోళ్లు "హుయ్" అని అరిచేవారు. ఆ అరుపు కాస్త ఆలస్యమైతే నా చేతిలో పెన్ను ఆగిపోయేది. అరుపు వినబడగానే మళ్లీ గీసేదాన్ని. ఒక రోజు పొద్దెక్కేసరికే గీత ఎన్నిసార్లు వణికిందో, ఆ షీటు ఎందుకూ పనికిరాకుండా పోయింది.

కొత్త ఫిల్మ్ తీశాను. ఏం చేస్తున్నానో తెలిసే తీశాను. నాకు వచ్చిన పని ఇదొక్కటే. కుండ పెంకుల సెక్షన్ పక్కన పెట్టి, ఓదేలు బావికి సెక్షన్ గీశాను. నల్లమట్టి, ఇసుక, గుల్ల, మట్టికుప్ప, పర్రె. కింద అడుగున సున్న చుట్టి, అందులో ఇంటూ పెట్టాను. పేరు రాయడానికి చెయ్యి రాలేదు.

అన్నం వేళకు ఓదేలు ఇంటికి వచ్చాడు. లచ్చవ్వ గట్క పోసింది. నేను షీటు తెచ్చి అతని ముందు పరిచాను.

"గిదేంది అక్కా?"

"నీ బాయి. మీద నల్లమట్టి, కింద ఇసుక. ఇసుక జారి ఇక్కడ గుల్లయింది, ఇగో. బరువంతా అంచు మీద ఉన్నది. పర్రె ఇక్కడ."

"మంచిగనే గీసినవ్." ముద్ద నోట్లో పెట్టుకుని షీటు మీదికి వంగాడు. "మరి గీ సున్న ఏంది?"

చెప్పాలనుకున్న మాటలన్నీ దారి పొడవునా మననం చేసుకుంటూ వచ్చాను. నేను నోరు తెరిచేలోగా లచ్చవ్వ కొడుకు భుజం మీదుగా వంగి చూసింది. ఆమెకు చదువు రాదు. చేతిలో గట్క చెంబు అలాగే ఉండిపోయింది.

"గది నాకెర్కే" అంది.

ఓదేలు తలెత్తాడు.

"మీ నాయిన పోయిననాడు గిసొంటి కాయిదమే పరిసిండ్రు. నాకు సదువు రాదంటే యేలు వెట్టి సూపిచ్చిండ్రు. గీ గుర్తు కాడ్నే నీ మొగడు పడ్డడన్నరు." తర్వాత నా వైపు తిరిగింది. గొంతు పెద్దది చేయలేదు. "బతికున్నోనికి పెడ్తవా? నా ఇంట్ల తిని, నా కొడుక్కు గీ గుర్తు పెడ్తవా?"

ఆమె భర్త ఒక కాంట్రాక్టరు కింద పనిచేస్తూ గనిలో పోయాడని నాకు అప్పటిదాకా తెలియదు. ఎలా పోయాడని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. తెలిసి ఉంటే ఆ షీటు ఆ ఇంట్లో పరిచేదాన్ని కాదు. కాళ్లు పట్టుకుందామని వంగాను. ఆమె చెంబు కింద పెట్టేసి, నన్ను దాటుకుని, ఎర్రటి ఎండలో బయటికి నడిచింది.

ఆమె వెనకే మేమిద్దరం ఉరికాం. లచ్చవ్వ చేనుకు వెళ్లి, వేపచెట్టుకు కట్టిన మోకు విప్పింది. చుట్టలు చుట్టి నేల మీద పెట్టి దాని మీద కూర్చుంది.

"అవ్వా, లే. పార, గడ్డపార లోపల్నే ఉన్నయ్" అన్నాడు ఓదేలు.

"ఉండనీ."

"పాలోళ్లు ఉత్తగ కూసున్నరు. జల్ది లే."

"నన్ను లేపి తీస్కో."

ఓదేలు తల్లిని ముట్టుకోలేదు. ముట్టుకోలేక నా మీద విరుచుకుపడ్డాడు. నువ్వు రానంతకాలం మేం బాగానే ఉన్నామన్నాడు. అది నిజమే. పాలోళ్లు కండువాలు దులుపుకుని ఇళ్లకు పోయారు. లచ్చవ్వ పొద్దు వాలేదాకా అక్కడే ఉంది. ఇంటికి వచ్చాక నా సంచి తెచ్చి గడప అవతల పెట్టింది. "ఇంకో ఇల్లు సూస్కో బిడ్డా" అంది. అప్పుడు కూడా బిడ్డా అనే అంది.

బడి వరండాలో పడుకుందామని సంచి తీసుకుని బయల్దేరాను. దారిలో ఒక ఆలోచన వచ్చి కాళ్లు ఆగిపోయాయి. ఆ బావి గోడ కూలకపోతే నేను కంపెనీ పంపిన అబద్ధాలకోరును. కూలితే, నా చేతి గుర్తు వల్లే కూలిందంటారు. ఎటు చూసినా నాకు ఆ ఊళ్లో ముఖం లేదు. ఇంకా సిగ్గుచేటు సంగతి ఏమిటంటే, లోపల ఎవరూ లేనప్పుడు అది కూలిపోతే బాగుండునని దేవుణ్ణి అడిగాను. ఒకరి కష్టం కూలిపోవాలని మొక్కుకోవడం అదే మొదలు, అదే చివర.

చీకటి పడగానే గాలివాన వచ్చింది. మా వైపు వేసవి వానలు ఎంత వేగంగా వస్తాయో అంత వేగంగా పోతాయి. తెల్లవారగానే చేను వైపు పరుగెత్తాను.

బావి లేదు. బావి ఉన్నచోట వెడల్పాటి పల్లం ఉంది. నల్లమట్టి పెళ్లలు పెళ్లలుగా విరిగి, నడుమంతా ఇసుక నిండింది. పార, గడ్డపార, తట్ట ఎక్కడున్నాయో ఆనవాలు లేదు. ఓదేలు వేపచెట్టు కింద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. నేను కూడా కొంచెం దూరంగా కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

సార్ వచ్చారు. ఆయన ముందు ఓదేలును చూసి, తర్వాతే పల్లం వైపు చూశారు. కూలిన పక్కన నిలువుగా తెగిన మట్టిలో, ఎర్రగా కాల్చిన మట్టి చుట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి కనిపిస్తున్నాయి. సార్ అంచుకు దూరంగానే కూర్చుని ఆ చుట్లను లెక్కపెట్టారు.

"ఒరల బావి" అన్నారు చివరికి. "ఆ కాలం వాళ్లది. మట్టితో ఒరలు కాల్చి, ఒకదాని మీద ఒకటి దించి బావి కట్టుకున్నారు."

ఓదేలు లేచి దగ్గరికి వచ్చాడు. "అంటే, గప్పట్ల గూడ ఉత్త బాయి దిగకపోదురా?"

"మొదట దిగే ఉంటారు ఓదేలూ. ఎవరో దిగిన తర్వాతే ఒరలు చేసుకుని ఉంటారు."

ఓదేలు ఆ ఎర్ర చుట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి వెళ్లి, దిబ్బ మీద మా ఎరుపు తెలుపు కర్రలన్నీ పీకి, మోపు కట్టి తెచ్చి నా ముందు పెట్టాడు. "అక్కా, ఇయ్యి మీ ఆఫీసుల ఇచ్చెయ్. నీకు ఎదురుగట్టెలు కొట్టిస్త, వాటితోని కొల్సుకో" అన్నాడు. మిగిలిన తవ్వకమంతా ఆ వెదురు కర్రలతోనే కొలిచాం.

మధ్యాహ్నం లచ్చవ్వ బడి వరండాకు వచ్చింది. నా పక్కన కూర్చుని, "ఆ కాయిదం తియ్యి" అంది. తీశాను.

"గా గుర్తు తీసెయ్."

సగం బ్లేడుతో గీకడం మొదలుపెట్టాను. ఇంకు పొడిగా రాలింది. లచ్చవ్వ షీటును నా చేతిలోంచి లాక్కుని ఎండకు పట్టి చూసింది. "ఇంక కనవడ్తంది" అని తిరిగి ఇచ్చింది. మళ్లీ గీకాను. మళ్లీ ఎండకు పట్టింది. సున్న ఉన్నచోట ఫిల్మ్ గరుకై, తెల్లబడింది, అయినా ఆమె కళ్లకు గుర్తు కనబడుతూనే ఉంది. "గీకు" అంది. గీకగా గీకగా ఆ చోట ఫిల్మ్ చిరిగి చిల్లు పడింది. లచ్చవ్వ ఆ చిల్లులో వేలు పెట్టి చూసుకుంది. అప్పుడు ఊపిరి వదిలింది.

"నిన్నటి నుంచి ఏమన్న తిన్నవా?" అని అడిగింది. లేదన్నాను. నా సంచి తనే భుజాన వేసుకుని ముందు నడిచింది.

కుర్రు కింద బొగ్గు ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఓపెన్‌కాస్ట్ మాత్రం ఇంతవరకు అటు రాలేదు. మామిడి మొక్కలు ఆ ఎండలకే మాడిపోయాయి. ఓదేలుకు ఆడపిల్ల పుట్టింది. తర్వాతి వేసవిలో సిమెంటు ఒరలు దించుకుని అదే చేనులో బావి తవ్వుకున్నాడు. నీళ్లు పడ్డ రోజు ఫోన్ చేసి, ముందు తల్లికి ఇచ్చాడు. "తియ్యగున్నయ్ బిడ్డా, అచ్చి తాగి పో" అంది.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒకటే, అదీ ఆఫీసులో కాదు, ఆ కుర్రు మీద. ఇంకు వేసే మనిషి పని కొలతలు వచ్చాక మొదలవుతుందని అనుకునేదాన్ని. ఇప్పుడు కొత్త ప్లాను నా బల్ల మీదికి రాగానే, "ఇక్కడ పైకప్పు ఎట్లున్నది సార్? ఈ మూల నీళ్లు కారుతున్నయా?" అని సర్వేయర్లను అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. ఒకరిద్దరు మళ్లీ వెళ్లి చూసి వస్తారు. నాకు ఆ ఒకరిద్దరు చాలు.

చిల్లు పడ్డ ఆ షీటు నా దగ్గరే ఉంది. తవ్వకం రిపోర్టుకు ఒరల బావి బొమ్మ వేరే షీటు మీద గీసిచ్చాను. నా చేత్తో గీసిన యాక్సిడెంట్ ప్లాన్లు ఎన్నో లెక్క పెట్టుకోలేదు, పెట్టుకోను. వాటిలో మనిషి బతికున్నది మాత్రం ఇదొక్కటే.